నీలిపూల టేపు వెంట

అమ్మకు నమస్కారాలు. కొత్త ఉద్యోగంలో బాగానే కుదురుకున్నాను, బెంగపడకు.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో తలుపులన్నీ ఒకే తెలుపు. చూపు మందగించిన సంగీతం టీచరుగారు దారి తప్పుతానన్న భయంతో గది దాటేవారు కాదు. భోజనం కూడా మంచం దగ్గరికే. నా దగ్గరున్న నీలిపూల వాషి టేపు ఆవిడ తలుపు చుట్టూ అంటించి, అక్కణ్ణుంచి భోజనాల గది దాకా గోడ వెంబడి చేతికందే ఎత్తులో వరసగా అతికించాను. కాగితం టేపు కదా, పీకినా గోడ రంగు ఊడదంటే మేనేజరుగారు సరేనన్నారు.

నిన్న మధ్యాహ్నం వడ్డిస్తుంటే టీచరుగారు టేపు తడుముకుంటూ గుమ్మంలోకి వచ్చేశారు. "ఎవరి చెయ్యీ పట్టుకోలేదమ్మాయ్, నా అంతట నేనే వచ్చాను! ఏదీ నా కుర్చీ?" అన్నారు. గదంతా చప్పట్లు. నా కాళ్లు నేలమీద ఆనలేదంటే నమ్ము.

ఇప్పుడు అందరూ తమ తలుపులకూ కావాలంటున్నారు. నా అలమరలో ఉన్న టేపులన్నీ పంపు. చెల్లి దాచుకున్న పసుపుపచ్చది కూడా, బతిమాలైనా సరే. వంటింటి డబ్బాలకు నేనంటించినవి ఊడలేదు కదా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక్కడ నన్నెవరూ పేరుపెట్టి పిలవడం లేదు, "మా టేపులమ్మాయి" అంటున్నారు. నా టేపుల పిచ్చి చూసి నవ్వే నాన్నకు ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

నీ పెద్దమ్మాయి