మంగళవారం తాగుబోతు

ప్రియమైన అక్కా,

లేదు, నేను గుమ్మం దగ్గర్నుంచి పారిపోయి రాలేదు. లోపలికెళ్ళి కూర్చున్నా. ఫోన్ చెయ్యకు, చేస్తే నాకు మాట రాదు. ఇలాగే మెసేజ్ కొడతా, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

తాగుడు మానేసేవాళ్ళ గుంపు దొరికింది. ఆస్పత్రి వెనక, దుప్పట్లు ఉతికే గది పక్కన. నాన్నని తీసుకెళ్ళేముందు ఎలా ఉంటుందో చూసి, వాళ్ళని అడిగి రమ్మన్నావుగా. చూశా. అడగలేదు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కళ్ళు లేచి నేను తాగుబోతుని అంటున్నారు, మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. నా వంతు వచ్చింది. మా నాన్న కోసం వచ్చానండీ అని నోట్లోనే తిప్పుకుంటున్నా. అంతమంది నావైపే చూసేసరికి చెవులు కాలిపోయాయి. "నేను కూడా" అనేసి కూర్చున్నా. నాకే ఎక్కువ కొట్టారక్కా చప్పట్లు. ఇంత చిన్న వయసులో ఎంత ధైర్యం అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నాకో తోడు మనిషిని కూడా ఇచ్చారు. బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ తాత. తాగాలనిపిస్తే ఆయనకి ఫోన్ చెయ్యాలంట.

సెలూన్లో నాన్న చేతికింద ఇంకో చెవి తెగింది. వణుకు తగ్గట్లేదు. మళ్ళీ ఎవరికైనా గాటు పడితే కత్తెర సర్దుకుని ఇంటికెళ్ళమన్నాడంట ఓనరు.

ఏం చెయ్యాలో తెలీని
నీ తమ్ముడు

*

ప్రియమైన మౌనస్వామీ,

రెండో తరగతిలో మాస్టారు నిన్ను పొరపాటున పక్కవాడి పేరుతో పిలిస్తే, ఏడాదంతా ఆ పేరుకే పలికావు. నీ పేరు ఎదురుగా గైర్హాజరు పడీ పడీ చివరికి బడే పోయింది. ఇప్పుడు ఇదొకటి.

వచ్చే మంగళవారం వెళ్ళి నిజం చెప్పు. నాన్నకి ఆ పని కూడా పోతే, అమ్మ లేని ఇంట్లో పొద్దస్తమానం సీసా ముందే కూర్చుంటాడు. అప్పుడిక మనిషి మనకి దక్కడు. కాబట్టి దయచేసి నోరు తెరువు.

ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ కింద ఫోన్ దాచి రాస్తున్నా, సూపర్‌వైజరు ఇటే చూస్తోంది.

కోపంగా, అయినా ప్రేమగా,
అక్క

*

ప్రియమైన అక్కా,

చెప్పలేకపోయా. కానీ అదిప్పుడు చిన్న విషయం.

డ్రైవర్ తాత మనింటికొచ్చాడు. నేను పనికెళ్ళి టైర్ల షాపులో ఉన్నా. నాన్న తలుపు తీశాడు, అప్పటికే మందు వేసుకునున్నాడు. మీవాడు ఈ వారం తాగకుండా ఉన్నాడా అని అడిగాడంట తాత.

నేనొచ్చేసరికి నాన్న గోడకానుకుని కూర్చున్నాడు. దగ్గరికి రారా అన్నాడు. నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. గదినిండా ఆయన వాసనే. అది నాదనుకున్నాడు. "ఇంతలా తాగావేంట్రా," అని నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. నేను తాగలేదని తల అడ్డంగా ఊపా. తాగినవాళ్ళందరూ అలాగే ఊపుతారంట, ఆయనకి తెలీదా అంట.

తర్వాత లేచి, అటక మీదవి, బీరువా వెనకవి, నా పాత స్కూలు సంచిలోవి సీసాలన్నీ తీసి సింకులో పారబోశాడు. నా చేతికి చిక్కకూడదంట. నా సంచిలో ఉన్నాయని నాకే తెలీదు.

మంగళవారం తనే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడంట. ఇప్పుడు నిజం చెప్తే వెంటనే వెళ్ళి మళ్ళీ కొనుక్కుంటాడు. చెప్పనా?

నీ తాగుబోతు తమ్ముడు

*

ప్రియమైన తాగుబోతూ,

నోరు తెరవకు. తెరవమన్నది నేనేగా అని ఎదురు చెప్పకు. నీకొచ్చిన విద్య అదొక్కటే, ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

కానీ ఒక్కటి. అంత తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదమంట, మా హాస్టల్‌కొచ్చే నర్సు చెప్పింది. తాతని వెంటబెట్టుకుని నాన్నని ఈరోజే డాక్టరుకి చూపించు. ఇది మాత్రం నోరు తెరిచి చెప్పాల్సిందే.

నవ్వాలో ఏడవాలో తెలీని
అక్క

*

ప్రియమైన అక్కా,

ఇన్ని వారాలూ నాన్న బాగున్నాడు అని ఒక్క ముక్కే పంపుతూ వచ్చానని తిట్టకు. డాక్టరు మందులిచ్చాడు. మొదట్లో ఒకటే చెమటలు, చిరాకు. తాత మనింట్లోనే ఉండిపోయాడు. ఇప్పుడు నాన్న చెయ్యి నిలకడగా ఉంది. మొన్న ఓనరు తన గడ్డం నాన్నతోనే గీయించుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని.

గుంపులో నాన్న ప్రతివారం నేను వీడి తండ్రినండీ అని మొదలుపెట్టేవాడు. నా గురించి నాకే తెలీనివి చెప్పేవాడు. వీడు సీసాలు దాస్తాడు, అబద్ధాలాడతాడు, వాళ్ళమ్మ పోయాక మరీ ఎక్కువైంది అని. అందరూ నావైపు జాలిగా చూసేవాళ్ళు. తర్వాత నన్ను మాట్లాడమనేవాళ్ళు. తాగుడు గురించి నాకేం తెలుసు, అందుకని మిగతావి చెప్పేవాణ్ణి. అమ్మ గురించి. బడి గురించి. సాయంత్రమైతే నాన్న అడుగుల చప్పుడు విని, ఇవాళ ఎలా ఉన్నాడో లెక్కేసుకోవడం గురించి. ఎవ్వరూ మధ్యలో ఆపేవాళ్ళు కాదక్కా.

నిన్న నాన్న లేచి కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత, "వీడివని చెప్పినవన్నీ నావేనండీ. తాగుబోతుని నేను," అన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. డ్రైవర్ తాతైతే కళ్ళజోడు తుడుచుకుంటూ, హమ్మయ్య, ఇక నేను మా ఇంటికి పోవచ్చు అన్నాడు.

బయటికొచ్చాక నేనే అన్నా, "నాన్నా, నేనెప్పుడూ తాగలేదు."

"తెలుసురా."

ఎప్పట్నుంచి అంటే, బండొస్తోంది పక్కకి రా అన్నాడు. కాస్త దూరం నడిచాక, "వచ్చేవారం నుంచి నువ్వు రాకు. నీ ముందు చెప్పలేనివి కొన్నున్నాయి," అన్నాడు. సరే అన్నా.

గుంపులోంచి గెంటేయబడ్డ
నీ తమ్ముడు

ఇంకోటి అక్కా. సంతోషంగానే ఉంది, నిజం. కానీ నేను చెప్పాల్సినవి ఇంకా సగం ఉండిపోయాయి. తాగనివాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గది ఎక్కడైనా ఉంటుందా?