పాత పడుగు కొసలు

రామాంజి అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ధర్మవరం మగ్గాల కోసం మనిద్దరం రాసి ఉచితంగా పంచిన చీర డిజైన్ల సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాని పాత వెర్షన్‌ను ఎప్పుడు ఆపాలో తేల్చడానికి ఈరోజు నేతపని చేసే నారాయణమ్మ ఇంట్లో మగ్గాలవాళ్లతో కూర్చున్నాను. పాత డిజైన్లన్నీ కొత్తదాంట్లో తెరుచుకుంటాయని నువ్వన్నావు. నేనూ మగ్గమున్న ప్రతి ఇంట్లో అదే చెప్పాను.

నారాయణమ్మ పాతదాంట్లో గీసుకున్న మామిడి పిందెల అంచు కొత్తదాంట్లో తెరుచుకోలేదు. అక్కడే నీ కోడ్ తీసి చూశాను. పాతవి తెరిచే భాగం ఉండాల్సిన చోట ఏమీ లేదు. పైన నువ్వు రాసుకున్న మాట మాత్రం ఉంది: "ఇది కాలేదు. ఎవరైనా అడిగితే చూద్దాం."

నీకు తెలుసన్నమాట.

"మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పోగులన్నీ అతికినాకే కదప్పా పాతదాన్ని తీసేస్తాం," అంది నారాయణమ్మ. "అన్నీ తెరుచుకుంటాయని రామాంజి చెప్పినాడే?"

"ఆయన చేసే పోయినాడమ్మా. నేనే చెడగొట్టినా," అన్నాను.

పాతదాన్ని ఇప్పుడు ఆపడం లేదు. ఆ భాగం నేను రాసేదాకా నడుస్తుంది.

నిన్ను నమ్మి వాళ్లకు ఒక అబద్ధం చెప్పాను. ఈరోజు నీ పరువు కోసం ఇంకోటి చెప్పాను. రెండోది తెలిసే చెప్పాను, అన్నా. మొదటిది నువ్వు నాకు తెలియకుండా నాతో చెప్పించావు.