ఇరవై ఏడో నంబరు

శుక్రవారం

ఒళ్ళు అలసిపోయింది, కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టదు. మా ఇంటర్ పిల్లలు ఫోనుతో తీసిన డిటెక్టివ్ సినిమాను మధ్యాహ్నం క్లాసులో చూపించారు. పాటలుంటాయనుకున్నాను. ఒక్కటీ లేదు, అంతా నలుపు తెలుపు. పొగమంచులా కనిపించాలని తాండూరు బండల పాలిష్ యూనిట్ దగ్గర, ఆ తెల్ల దుమ్ములో తీశారట. డిటెక్టివ్ మా క్లాసు కవిత. వాళ్ళ నాన్న కోటు వేసుకుని, కనిపించకుండా పోయిన క్లాస్‌మేట్ కోసం వెతుకుతుంది.

అందులో నేనూ ఉన్నాను. "రోజు తీస్కున్నట్టే అటెండెన్స్ తీస్కోండ్రి సార్, గంతే" అన్నారు షూటింగ్ రోజు. నా రిజిస్టరే చదివాను. ఇవాళ తెర మీద నా గొంతు ఇరవై ఆరు తర్వాత ఇరవై ఎనిమిది అంది. కెమెరా ఖాళీ బెంచీ వైపు తిరిగింది.

ఇరవై ఏడు, యాలాల్ నుంచి వచ్చే సుజాత. దసరా సెలవుల తర్వాత రాలేదు. నెల చూసి, ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను. లెక్చరర్లం అందరం అలాగే చేస్తాం.

సినిమా మధ్యలోనే ఆగిపోయింది. "ముగింపు ఏదమ్మా? ఆ పిల్ల దొరికిందా?" అని అడిగాను.

కవిత కోటు మడత పెడుతూ, "మాకు తెల్వది సార్. మేం సుజాతోళ్ళ ఇంటికి పోలే. మీరు పోయిండ్రా?" అంది.

మర్యాదగానే అడిగింది. నేను గడియారం చూసుకున్నాను.

రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. ఎర్ర గీత కింద పేరు ఇంకా కనిపిస్తోంది. పక్క గడిలో వాళ్ళ నాన్న ఫోన్ నంబరు, నా చేతిరాతలోనే. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.