తొమ్మిదో తరగతి కబుర్లు

నియోర్, ఫ్రాన్స్
సెప్టెంబరు 18

ప్రియమైన దుర్గక్కకి,

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావే" అనగానే నా నోట్లోంచి "బాగున్నాం" అని వచ్చేస్తోంది. పక్కనే మా ఆయన, పాప ఉంటారు మరి. కాగితమైతే నువ్వూ నేనే.

ఇక్కడికొచ్చి అయిదు నెలలైంది. ఆయన పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసుకెళ్తారు. అక్కడంతా ఇంగ్లీషే కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. సుస్మితని ఈ నెల్లో రెండో తరగతిలో వేసేం. ఇద్దరూ వెళ్ళేక ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినపడుతుంది. రొట్టెల కొట్లో ముందుగా "బోంజూర్" అని పలకరించకుండా ఏమడిగినా వాళ్ళకి వినపడదు. నేనది అంటాను. తర్వాత వాళ్ళు ఏదో అడుగుతారు. నేను వేలు పెట్టి చూపిస్తాను. ఆ రోజుకి నా మాటలు అయిపోయినట్టే. నీ పక్క క్లాసులో పదకొండేళ్ళు బోర్డు ముందు నిలబడి గొంతు పోయేలా లెక్కలు చెప్పినదాన్ని.

ఆదివారం మేం వెళ్ళే చర్చిని ఇక్కడ 'టాంప్ల్' అంటారు. గుడి అని అర్థంట. నేనూ గుడికెళ్తున్నానని చెప్తే నువ్వు నవ్వుతావు. పదిమంది పెద్దవాళ్ళుంటారు. ప్రార్థనయ్యేక చెయ్యి కలిపి, చిన్నగా నవ్వి, వెళ్ళిపోతారు.

స్కూలు వాట్సాప్ గ్రూపులోంచి నేనే బయటికొచ్చేసేను. ఆ ఫొటోలు చూస్తే దుఃఖం ఆగట్లేదు. నువ్వు మాత్రం రాయి. నేను ఎనిమిదిలో చెప్పిన పిల్లలు ఇప్పుడు తొమ్మిదికొచ్చుంటారు. లెక్కలు ఎవరు చెప్తున్నారు? నా కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు?

నీ
శాంతి

రాజోలు
అక్టోబరు 20

చిరంజీవి శాంతికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. కవరు మీద ఆ దేశం స్టాంపు చూసి పోస్ట్‌మాన్ సూరయ్య గారు "ఎవరమ్మా, విదేశాల్లో" అని అడిగేరు. మా చెల్లెలండీ అన్నాను.

తొమ్మిదో తరగతి గురించి అడిగేవు. ఏం చెప్పమంటావే. పోతురాజు జామెట్రీ బాక్సులో పీత పిల్లని పెట్టి తెచ్చేడు. సరిగ్గా నేను పద్యం చెప్తుండగా అది బల్ల మీద నడిచింది. ఆడపిల్లలంతా బెంచీలెక్కేరు. వాణ్ణి బయట నిలబెడితే కిటికీలోంచి పద్యం అప్పజెప్పేడు, ఒక్క తప్పు లేకుండా. కొట్టలేకపోయాను. బుల్లబ్బాయికి ఇంకా పదమూడో ఎక్కం రాదు. "శాంతి మేడమ్ ఉంటే వచ్చేసేదండీ" అంటాడు, తప్పంతా నీదన్నట్టు.

నీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.

వానలు ఇంకా తగ్గలేదు. నేను ఎప్పటిలాగే ఉన్నాను. మీ శ్యామ్‌బాబు గారిని అడిగేనని చెప్పు. పాపకి ముద్దులు. ఉత్తరం ఆపకు.

మీ
దుర్గక్క

నియోర్
ఫిబ్రవరి 2

ప్రియమైన దుర్గక్కకి,

నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలూ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివేను. బుల్లబ్బాయికి పదమూడో ఎక్కం వచ్చిందన్న రోజు నేనిక్కడ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఒక సంగతి చెప్పాలి. సుస్మితకి ఇక్కడి భాష గడగడా వచ్చేసింది. ఇంట్లో కూడా ఆ భాషలోనే ఆడుకుంటోంది. డిసెంబర్లో ఒకరోజు స్కూలు గేటు దగ్గర వాళ్ళ టీచరు నాతో ఏదో అంది. నేను మాటలు కూడబలుక్కుంటూ జవాబు చెప్పబోయాను. పక్కనున్న పిల్లలు నవ్వేరు. పాప నా కొంగు లాగి, "అమ్మా, నువ్వు మాట్లాడకు, నేను చెప్తాను" అంది. దాని తప్పేం లేదక్కా, ఏడేళ్ళ పిల్ల. కానీ ఆ రోజు నుంచి నేను గేటు దాకా వెళ్ళడం లేదు. రోడ్డు ఇవతలే నిలబడతాను.

మొన్న శనివారం ఆయన ఊరి పక్కనున్న కాలవలకి తీసుకెళ్ళేరు. అడుగు చదునుగా ఉన్న పడవలు, నీళ్ళ మీదకి వంగిన చెట్లు. సఖినేటిపల్లి రేవులో పెరిగిన మనిషి కదా, ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అక్కడే ఏడుపొచ్చింది. అప్పుడే చెప్పేశాను, పాపని తీసుకుని నేను వెళ్ళిపోతానని. ఆయన "ఉండమని అడగడానికి నాకు మొహం లేదు శాంతీ, నిన్ను ఇక్కడికి తెచ్చింది నేనే" అన్నారు. మే నెలకి నాకూ పాపకీ టిక్కెట్లు తీసేరు.

కరస్పాండెంట్ ఆనందరావు గారితో ఒక మాట చెప్పు. జూన్లో స్కూలు తెరిచేసరికి నేనుంటాను. ఏ తరగతి ఇచ్చినా ఫరవాలేదు. నువ్వడిగితే ఆయన కాదనరు.

నీ
శాంతి

రాజోలు
మార్చి 24

శాంతీ,

నీ ఉత్తరమొచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం, ఇదే పని. ఫోన్లో నీ పేరు చూసి తియ్యలేదు. తప్పంతా నాదే.

స్కూలు లేదే. పోయిన జూన్లోనే తెరవలేదు. పిల్లలు తగ్గిపోయేరని, పెద్ద స్కూళ్ళ బస్సులు వీధి వీధికీ వస్తున్నాయని, ఇక నడపలేనని ఆనందరావు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పేరు. ఆయనా ఏడ్చేరు. భవనం అద్దెకిచ్చేరు. మన తొమ్మిదో తరగతి గది నిండా రొయ్యల మేత బస్తాలున్నాయి.

నీకు రాసినవి అబద్ధాలు కావు, పాతవి. పీత కథ ఎనిమిదేళ్ళ కిందటిది, నువ్వు కాన్పు సెలవులో ఉన్నప్పుడు జరిగింది. పేర్లు మాత్రం ఇప్పటి పిల్లలవి పెట్టేను. నువ్వు నీ కుర్చీ గురించి అడిగేవు చూడు, ఆ మాటకి నిజం రాయడానికి చెయ్యి రాలేదు. ఒకసారి రాసేక ఆపలేకపోయాను. కాగితం ముందు పెట్టుకుంటే ఆ గంటసేపు నేను మళ్ళీ టీచర్ని.

అమలాపురంలో ఒక చీరల కొట్లో చేరేను. పొద్దున్న బస్సులో వెళ్ళి చీకటి పడ్డాక వస్తాను. రోజంతా విప్పిన చీరలు మడతపెట్టడమే. మన దగ్గర చదివిన పిల్ల ఒకత్తి పెళ్ళి చీరకొచ్చింది. నేను వెళ్ళి అరల వెనక నిలబడ్డాను. మీ బావగారు పోయి ఆరేళ్ళయినా ఇల్లు ఇంత బోసిగా ఎప్పుడూ లేదు. ఇంటికొచ్చి తాళం తీసేది నేనే, దీపం వేసేది నేనే.

నా మాట నమ్మి నీ కాపురం కదుపుకుంటున్నావు. అందుకే రాస్తున్నాను. ఇక్కడ నీకు పని లేదు. ఆలోచించుకో. నా మీద కోపమొస్తే ఆ కోపమైనా రాయి.

దుర్గ

నియోర్
ఏప్రిల్ 19

ప్రియమైన దుర్గక్కకి,

కోపం వచ్చింది. మూడు రోజులు ఉంది. స్కూలు పోయినందుక్కాదు. పదకొండేళ్ళు ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నవాళ్ళం, నీ కష్టం నాకు చెప్పుకోలేకపోయావని. తర్వాత అనిపించింది, నేనూ ఫోన్లో ఎప్పుడూ బాగున్నామనే కదా అన్నాను.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించేను. "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు" అని అడిగేరు.   మర్నాడు సాయంత్రం పాప కోసం వెళ్ళి, రోడ్డు ఇవతల కాసేపు నిలబడి, దాటేను. నేరుగా టీచరు దగ్గరికెళ్ళి, అమ్మాయి లెక్కలెలా చేస్తోంది అని వాళ్ళ భాషలో అడిగేను. రెండు మాటలు తప్పు వచ్చినట్టున్నాయి. ఆవిడ నేను పూర్తి చేసేదాకా ఆగి, మెల్లిగా జవాబు చెప్పింది. సగం అర్థమైంది. పాప తల దించుకునే ఉంది.

ఇంటికెళ్ళే దారిలో వంతెన మీదకొచ్చేక "అమ్మా, అలా కాదు, ఇలా అనాలి" అని ఒక మాట చెప్పింది. అన్నాను. తప్పంది. మళ్ళీ అన్నాను. వంతెన దిగేసరికి నా చేత ఏడుసార్లు అనిపించింది. నేను మంచి స్టూడెంట్‌నేం కాదుగానీ, అది విసుక్కోలేదు.

ఊరి లైబ్రరీలో కొత్తగా వచ్చినవాళ్ళకి వారానికి రెండు రోజులు భాష నేర్పుతారట. పేరిచ్చేను. ఒంటరితనం పోయిందని చెప్పను. పొద్దున్న ఎనిమిది దాటితే ఇల్లు అలాగే ఉంటుంది. ఇంకొక ఏడాది చూస్తాను.

టిక్కెట్లు రద్దు చెయ్యలేదు, జులైకి మార్చేం. పాపకి వేసవి సెలవులు. నెలన్నర ఉంటాం, నీ దగ్గరే. ఆయన ఆగస్టులో వచ్చి తీసుకెళ్తారు. జులై పదో తారీకు పొద్దున్న రాజమండ్రిలో దిగుతాం. కొట్లో సెలవు ఇవ్వరు, నువ్వు ఎదురు రావద్దు. తాళంచెవి కింది వాటాలో ఇచ్చి పనికి వెళ్ళిపో. నువ్వు వచ్చేసరికి దీపం వేసి, వంట చేసి ఉంచుతాను.

నీ చెల్లెలు
శాంతి