చెదపురుగు గురించి నువ్వడిగింది

పాప వాళ్ళమ్మకి పాప నాన్న రాయునది,

ఇక్కడ ఇద్దరం కులాసా. అక్కడ నీ కొత్త బడీ, మెట్ల కింద అద్దె గదీ కాస్త అలవాటయ్యాయనుకుంటాను.

ముందు నీ పాఠం సంగతి, రంపపు ఈగకీ చెదపురుగుకీ తేడా అడిగావు కదా. రంపపు ఈగ గురించి నీకు చెప్పేటంతటివాణ్ణి కాను. తల్లి ఈగ తోక దగ్గరి రంపంతో లేత కొమ్మను కోసి గుడ్లు పెడుతుందని నాకు చెప్పిందే నువ్వు. దాని పిల్లలు పట్టపగలు ఆకుల మీదే కూర్చుని తింటాయి, ఎవరైనా ఏరి పారెయ్యొచ్చు. తర్వాత గూడు కట్టుకుని, అందులో రూపమే మారిపోతాయి. చెదపురుగుకి ఆ వైభోగం లేదు. గుడ్డులోంచే బుల్లి చెదపురుగుగా వస్తుంది. వెలుగు గిట్టదు, మట్టితో దారి కప్పుకుంటూ నడుస్తుంది. తిన్న చెక్కను సొంతంగా అరిగించుకోలేదు, కడుపులోని సూక్ష్మజీవులు అరిగించి పెట్టాలి. ఇది చెబితే మీ పిల్లలు నవ్వుతారు.

ఇక నీ ఆరు నోటుబుక్కులు. పదకొండేళ్ళు గులాబీ మొక్కల దగ్గర కూర్చుని నువ్వు గీసిన రంపపు ఈగల బొమ్మలు. అచ్చుకివ్వాలి, నెలాఖరుకి పంపమన్నావు.

వెళ్ళేటప్పుడు "ఆ పుస్తకాల పెట్టె నేల మీంచి ఎత్తి పెట్టండి, మీకు నేను చెప్పాలా?" అన్నావు. "చెదలమందు కొట్టేవాడింటికి అవెందుకొస్తాయి?" అని నవ్వాను. ఎత్తలేదు. పుస్తకాలెలా ఉన్నాయని నువ్వు ఉత్తరంలో మొదటిసారి అడిగినప్పుడు పనిలో అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ పిడితో పెట్టెను తట్టాను. టేకు చెక్క గట్టిగానే పలికింది. మూత తియ్యకుండానే బాగున్నాయని రాశాను.

పోయిన ఉత్తరం రాసే ముందు మూత తీశాను. చెదలు చెక్క జోలికే పోలేదు. అడుగు బీటలోంచి నేరుగా పుస్తకాల్లోకి దూరాయి. అట్టలున్నాయి, మధ్యలో మట్టి. అది కళ్ళారా చూసి కూడా భద్రంగా ఉన్నాయని రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మిగిలినవి పంతొమ్మిది కాగితాలు. ఆదివారం నేనే తెస్తాను, తిట్లు ఎదురుగానే తింటాను.

పాప ఎందుకు ఉత్తరం రాయడం లేదని అడిగావు. పెట్టె తెరిచినప్పుడు అది పక్కనే ఉంది. "అమ్మకి చెప్పవా నాన్నా?" అంది. "నువ్వూ చెప్పకు" అన్నాను. అబద్ధం రాయలేక అది రాయడమే మానేసింది. నాకు లేని బుద్ధి దానికుంది.

ఇందాక ఈ ఉత్తరం ఇక్కడిదాకా దానికి చదివి వినిపించాను. "అయితే ఇప్పుడు నేనూ రాయొచ్చా?" అని కాగితం అడిగింది. ఇచ్చాను. అది రాసింది ఇదే కవర్లో పెడుతున్నాను, నేను చదవలేదు.

ఇట్లు,
పాప నాన్న