ఆగిన విజిల్

కోహ్కా, భిలాయి
14-9-1995

చిరంజీవి రజనీకుమారిని మీ నాన్న దీవించి రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. ఎప్పటిలా ‘అందరం క్షేమం’ అని రాయబోతే ఈసారి కలం కదల్లేదు. కారణం కింద రాస్తాను. నువ్వు వేళకి తింటున్నానని రాశావు, నేను నమ్మలేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పక్కింటి ఛాయా దీదీ ఇచ్చిన ఆవనూనె పనిచేసిందంటోంది. నీ పరిశోధన సంగతి చదివి వినిపిస్తే, “కప్పల కళ్ళు సూడ్డానికి హైదరాబాదు దాకా ఎల్లాలేటి? మన కాలవ కాడ కప్పలు నేవా?” అంది. సాయంత్రానికల్లా అదే సంగతి ఛాయా దీదీకి హిందీలో చెప్పి మురిసిపోయింది. మే నెలలో మీ హాస్టలు దారిలో పొద్దుగూకాక నీ భుజం పట్టుకుని ఎందుకు నడిచానని కూడా అడిగావు. అదీ కిందనే.

కప్ప కంట్లో మసక వెలుతురులో చూపునిచ్చే దండకణాల గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. చీకట్లో ఆ కణం ఊరుకోదనీ, పక్క కణానికి ఆపకుండా కబురు పంపుతూనే ఉంటుందనీ, వెలుతురు పడితే ఆ కబురు తగ్గిపోతుందనీ, ఆ తగ్గడమే వెలుగు వచ్చిందన్న వార్త అనీ రాశావు. నీకు వింతగా ఉందన్నావు. నాకు వింత కాదు తల్లీ. నేనూ మీ సత్యారావు మామయ్యా రెండేళ్ళుగా క్రేన్ దగ్గర చేస్తున్నది అదే.

పైన క్రేన్‌లో నేనుంటే, కింద నుంచి మామయ్య చెయ్యి ఊపి చెప్పాలి. అది పద్ధతి. మేమిద్దరం విజిల్ పెట్టుకున్నాం. మోగుతున్నంతసేపూ దించుతాను, ఆగిందంటే ఆపేస్తాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పొద్దు వాలితే నాకు వాడి చెయ్యి కనబడదు. రేచీకటి. మా నాన్నకీ ఉండేది. ప్లాంటు మెడికల్ పరీక్షలో మంచి వెలుతురులో అక్షరాలు చదవమంటారు, గడగడా చదివేస్తాను. నీ భుజం పట్టుకున్నది అందుకే.

పోయిన నెల సెకండ్ షిఫ్టులో, సాయంత్రం ఏడు దాటాక ఇనప ప్లేట్లు దించుతున్నాను. గొలుసు మెలిపడిందని మామయ్య విజిల్ ఆపి, సరిచెయ్యడానికి ప్లేట్ల దగ్గరకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే పక్క లైనులో ఎవరో విజిల్ ఊదారు. అది వాడిదే అనుకుని దించేశాను. వాడి ఎడమ పాదం నలిగింది. రెండు వేళ్ళు తీసేశారు.

విచారణలో నన్నడిగితే, “సిగ్నల్ ఇచ్చాడు, దించాను” అన్నాను. తప్పు వాడిదని రాసుకున్నారు. వాడు కాదనలేదు. తర్వాత వాడి మంచం పక్కన కూర్చుని, “నిజం ఎందుకు సెప్పలేదురా?” అని ఏడ్చాను.

“సెప్తే నిన్ను క్రేన్ దింపేత్తారు బావా. పాప సదువు సగంలో ఉంది. నా కాలిదేటుంది, మానిపోతాది” అన్నాడు.

నీ ఉత్తరం వచ్చేదాకా ఆ మాట చాటున బతికాను. వాడు పంపిన కబురు సరైనదే. అందుకోలేని కన్ను నాది. అది దాచి క్రేన్ ఎక్కింది నేనే.

నిన్న మీ అమ్మకి చెప్పాను. తమ్ముడి కాలివేళ్ళు నా వల్ల పోయాయని విని నా మొహం చూడలేదు. తర్వాత గిన్నెలో జావ పోసుకుని వాడింటికి వెళ్ళింది. వచ్చాక ఒక్కటే అంది: “రేపు ఎల్లి సెప్పీ.”

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటునుంచటే ఫోర్‌మన్ దగ్గరకు వెళుతున్నాను. క్రేన్ ఎలాగూ ఉండదు. కింద ఏ పని ఇచ్చినా చేస్తాను, ఇవ్వకపోయినా నీ చదువు ఆగదు. నువ్వు మాత్రం ముందు నీ కళ్ళు డాక్టరుకి చూపించుకో. పొద్దుగూకాక ఎలా కనబడుతోందో దాచకుండా చెప్పు. నాలా చెయ్యకు.

నా మీద కోపం వస్తే తిడుతూ రాయి, ఎన్ని పేజీలైనా చదువుకుంటాను. రాయడం మాత్రం మానకు. మామయ్య విజిల్ ఆగిన సంగతి నాకు తెలియలేదు గాని, నీ ఉత్తరం ఆగితే తెలుస్తుంది తల్లీ.

ఇట్లు,
వెలుతురు ఉండగానే బయలుదేరుతున్న
మీ నాన్న
సింహాద్రి