పగులు చివర పెట్టని చిల్లు

మంగళవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. శారదక్క బండి ముందు మడ్‌గార్డే కళ్లముందు తిరుగుతోంది.

అక్క నర్సు. మణుగూరు నుంచి రోజూ అడవి ఊళ్లకు ఆ బండి మీదే వెళుతుంది. బోల్టు దగ్గర మొదలైన పగులు జానెడు పాకింది. లోపలివైపు స్టేప్లర్ పిన్నులు వేడి చేసి గుచ్చి, పైన పాత ప్లాస్టిక్ కరిగించి అతికించాను. నల్ల రంగు కొట్టాక అతుకు నాకే కనిపించలేదు.

"కొత్తదాని లెక్కనే ఉన్నది తమ్మీ" అంటూ అక్క వెళ్లిపోయింది.

అప్పుడే నాన్న మా రిపేరు షాపులోకి వచ్చాడు. "పగులు చివర బొక్క పెట్టినవా?"

"అవ్" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. నేల వైపు చూసి లోపలికి వెళ్లాడు.

పెట్టలేదు. రంగు వేసే తొందరలో మరిచిపోయాను. ఆ చిన్న చిల్లు లేకపోతే పగులు అతుకు దాటి మళ్లీ పాకుతుందని నేర్పింది ఆయనే. గుంతల దారిలో ఆ ముక్క విరిగి చక్రంలో ఇరుక్కుంటే? అక్కడ పడిపోతే చూసేవాళ్లు కూడా ఉండరు.

సాయంత్రం నుంచి ఎన్నిసార్లు చేసినా అక్క ఫోన్ కలవడం లేదు. తెల్లారగానే బయలుదేరుతుంది. ఆలోపే వాళ్లింటికి వెళ్లాలి. డ్రిల్లు తీసుకుని వెళ్తే నాన్నకు నా అబద్ధం తెలిసిపోతుంది.

చిల్లు పెడితే నేల మీద నల్ల ప్లాస్టిక్ పొట్టు రాలుతుందన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

మంచినీళ్ల కోసం లేచాను. వరండాలో డ్రిల్లు మిషను చార్జింగ్‌కి పెట్టి ఉంది. నేను పెట్టలేదు.